తొందరపడిన సాక్ష్యం

ఆదివారం పొద్దున బొరుగుల ఉగ్గాని కలుపుతూ కలుపుతూ ఏసుమణి పొయ్యి దగ్గరే కూలబడింది. దవడ లాగుతోందంది. ఒళ్లంతా చెమట. ఆమె భర్త ఏసురాజు కోడుమూరు చర్చిలో సంఘపెద్ద. ఆరాధనకని తొడుక్కున్న తెల్లచొక్కాతోనే ఆమెను కర్నూలు ఆసుపత్రికి తీసుకుపోయాడు. కూతురు ప్రేమజ్యోతి దారంతా అమ్మ చెయ్యి వదల్లేదు.

ఈసీజీలో ఏమీ తేలలేదు. గుండె కండరం దెబ్బతింటే రక్తంలోకి వచ్చే ట్రోపోనిన్ కోసం పరీక్ష చేశారు. నార్మల్ అన్నారు. ఇంక ఏసురాజుకు నోరాగితే గదా. అప్పటికప్పుడే పాస్టరయ్యగారికి ఫోన్ చేశాడు. ఆయన ఫోన్‌ను చర్చి మైకు దగ్గర పెట్టాడు.

"ప్రభువు నా ఇంటామెను ముట్టినాడు. గుండెకు ఏం లేదంట" అని ఏసురాజు సాక్ష్యం చెప్పేశాడు. చర్చంతా స్తోత్రాలు.

డాక్టరమ్మ మాత్రం ఒప్పుకోలేదు. "నొప్పి మొదలైన కొత్తలో అది రక్తంలో కనపడకపోవచ్చు. ఆమెకు షుగరు కూడా ఉంది. మూడు గంటలాగి మళ్లీ చూడాలి."

"సంఘమంతా స్తోత్రం చెప్పినాక మళ్లీ పరీక్షంటే దేవుణ్ణి నమ్మనట్టే గదమ్మా" అన్నాడు ఏసురాజు.

"అమ్మను అడుగు నాయనా" అంది ప్రేమజ్యోతి.

ఏసుమణి మొగుడి ముఖం చూసింది. "నాకు బాగుండాది. ఇంటికి పోదాం."

బాగుంటే పెదాలెందుకు పాలిపోయినట్టు? ప్రేమజ్యోతికి ఒళ్లు మండింది. తండ్రికి ఏనాడూ ఎదురు చెప్పని పిల్ల తలుపుకు అడ్డం నిలబడింది.

"నువ్వు పో నాయనా. రెండోసారి రక్తం ఇచ్చేదాకా అమ్మ ఈడ్నించి కదలదు."

రెండోసారి ట్రోపోనిన్ శానా పెరిగింది. గుండెపోటే. నొప్పి అసలు తగ్గనే లేదని ఏసుమణి అప్పుడు ఒప్పుకుంది. "నొప్పి తగ్గలేదని చెప్పుంటే ఎప్పుడో మళ్లీ ఈసీజీ తీసేవాళ్లం కదమ్మా. చచ్చిన కండరం తిరిగి రాదు" అంది డాక్టరమ్మ.

"ఎందుకు దాచినావు మణీ?" అన్నాడు ఏసురాజు.

స్ట్రెచర్ మీద నుంచి ఆమె మెల్లగా అంది. "అందరి ముందర సాక్ష్యం చెప్పినావు కదా. అది అబద్ధమైతే నువ్వు తలెత్తుకోలేవని."

ఆమెను ఐసీయూలోకి తీసుకుపోయారు. ఏసురాజు వరండాలో నేలమీద కూలబడి చిన్నపిల్లోడిలా ఏడ్చాడు. కాసేపటికి ఫోన్ తీశాడు.

"అయ్యగారూ, మైకు దగ్గర పెట్టండి."

"ఆరాధన అయిపోయింది కదా ఏసన్నా."

"ఎవరుంటే వాళ్లకే వినిపించండి. పొద్దున నేను చెప్పింది సాక్ష్యం కాదు, నా తొందర. నా మాట నిలబెట్టేదానికి మణి నొప్పి దాచుకుంది. లోపల చావుబతుకుల్లో ఉండాది. ఆమె కోసం ప్రార్థన చేయండి."

అవతల ఎవరూ స్తోత్రం అనలేదు. ప్రేమజ్యోతి వచ్చి నాయన పక్కన కూర్చుని ఆయన చెయ్యి పట్టుకుంది. ఐసీయూ తలుపు ఇంకా మూసే ఉంది.