గోడవైపు చెయ్యి

జూన్‌లో కేప్లిన్ చేపలు ఒడ్డుకు కొట్టుకొచ్చే రోజుల్లో కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ తీరాన్ని పొగమంచు కమ్మేస్తుంది. టర్న్స్ కోవ్ దీవిలో ఆ వారమంతా రేవే కనిపించలేదు. అయినా సెలీనా భర్త మంచాన్ని ముందుగదిలో కిటికీ దగ్గరే వేయించింది. నలభై ఏళ్లు పడవ నడిపినవాడు, నీళ్లు కనపడకపోయినా చప్పుడైనా వింటాడని ఆమె ఆశ. ఆసుపత్రివాళ్లు పంపిన ఇనప మంచం పెద్దది, గదేమో ఇరుకు. ఒకవైపు గోడకి జరపక తప్పలేదు. మంచానికీ గోడకీ మధ్య చెయ్యి పట్టేంత సందు మిగిలింది.

హెడ్లీకి ఊపిరితిత్తుల్లో కేన్సర్. ఇక నొప్పి తెలియకుండా చూసుకోవడమే మిగిలిందని డాక్టరు చెప్పిన రోజున అతను భార్యను ఒక్కటే అడిగాడు.

"నన్ను ఆ పట్నం ఆసుపత్రిలో పడెయ్యకే. ముక్కూమొహం తెలీనివాళ్ల చేతుల్లో పోవాలంటే భయంగా ఉంది."

తుఫానులో కూడా ఈలేసుకుంటూ తిరిగొచ్చే మనిషి నోట భయమన్న మాట ఆమె వినడం అదే మొదలు. "నా చేతుల్లోనే పోదువుగాని, ఊరుకో" అంది.

దీవిలో ఆడవాళ్లంతా ఆ మాటను తామే ఇచ్చినట్టు తీసుకున్నారు. ఫ్రిజ్‌కి కాగితం అంటించి వంతులు రాసుకున్నారు. ఒకరు సూపు, ఒకరు దుప్పట్లు ఉతకడం, ఒకరు పక్కన కూర్చోవడం. మగవాళ్లతోనే చిక్కు. ముప్ఫై ఏళ్లు హెడ్లీతో ఒకే పడవెక్కిన గార్లండ్ రోజూ కట్టెలు తెచ్చి వెనకగదిలో పేర్చేవాడు గానీ ముందుగది గడప దాటేవాడు కాదు. "బూట్లకి బురదుంది వదినా" అనేవాడు. బురద లేదని ఇద్దరికీ తెలుసు.

నర్సు బెర్నిస్ వారానికి రెండుసార్లు ఫెర్రీ మీద వచ్చేది. చివరి రోజులు ఎలా ఉంటాయో సెలీనాకి ముందే విడమరిచి చెప్పింది.

"పోయినవాళ్లు కనిపిస్తున్నారంటారమ్మా. కాదని వాదించకండి. ఎవరొచ్చారని అడగండి. చాలామందికి అమ్మే వస్తుంది. ఇంకో సంగతి... కొందరు మన అనుమతి కోసం ఆగుతారు. వెళ్లిరా అని మీరు అంటేగానీ వెళ్లలేరు."

అలాగే జరిగింది. సోమవారం పొద్దున అమ్మ కాళ్ల దగ్గర కూర్చుందన్నాడు.

"ఏమంటోంది?" అంది సెలీనా.

"నీ రొట్టె ఇంకా రాయిలాగే ఉందట."

"బతికుండగా అన్నది చాల్లేదా ఆవిడకి!" అని నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. పుల్లకున్న స్పాంజిని రమ్ములో ముంచి పెదాలు తడిపితే, "ఇంకో చుక్క... నర్సుకి చెప్పకు" అన్నాడు. ఆ రోజు ఇల్లు చావింటిలా లేదు.

గురువారం మధ్యాహ్నం హెడ్లీ చెల్లెలు డ్రూసిల్లా వంతు. "పొయ్యిలో రొట్టెలున్నాయి వదినా, తీసేసి గంటలో వచ్చేస్తా" అని వెళ్లింది. కిటికీ బయట తెల్లటి మంచు తప్ప ఏమీ లేదు. లోపల హెడ్లీ ఊపిరి చప్పుడు. ఒక్కో ఊపిరికీ మధ్య ఎడం పెరుగుతోంది. సెలీనా అతని ఎడమచెయ్యి పట్టుకుని కూర్చుంది.

ఉన్నట్టుండి పచ్చిమట్టి వాసన వేసింది. శీతాకాలమంతా మూసిన బంగాళాదుంపల నేలమాళిగ తలుపు తీసినప్పటి వాసన.

హెడ్లీ కళ్లు తెరిచాడు. గోడవైపు చూస్తున్నాడు.

"చెయ్యి... వదలమను."

"ఎవర్ని? అమ్మొచ్చిందా?"

అతని కుడిచెయ్యి మంచం దాటి సందులోకి వేలాడుతోంది. పైకి తీద్దామని మంచం మీదుగా వంగి మణికట్టు పట్టుకుంది. రాలేదు. గట్టిగా లాగింది. నీళ్లలో రాయి కట్టిన తాడులా బరువుగా ఉంది.

"చల్లగా ఉందే..." అన్నాడు.

సెలీనా బెర్నిస్‌కి ఫోన్ చేసింది. మంచుకి ఫెర్రీ ఆగిపోయి ఆమె అవతలి ఒడ్డునే ఉంది. "చేతులు చల్లబడతాయమ్మా, బిగుసుకుంటాయి. దగ్గరపడింది. మీ మాట కోసమే ఆగాడేమో. వెళ్లమని చెప్పండి" అంది.

సెలీనాకి గుండె చెరువైంది. అయినా నేర్చుకున్నట్టే, అతని చెవి దగ్గర నోరు పెట్టి గుసగుసగా చెప్పింది.

"వెళ్లు హెడ్లీ. ఆమెతో వెళ్లు. నేను బాగానే ఉంటాను."

అతని కళ్లు ఒక్కసారిగా తేటపడ్డాయి. ఆమె వైపు తిరిగాయి. వాటిలో ఉన్నది శాంతి కాదు.

"సెలీనా... ఈమెవరో నాకు తెలీదే..."

ఊపిరి బయటికి పోయింది. మళ్లీ లోపలికి రాలేదు. సందులోని చెయ్యి తేలిగ్గా పైకొచ్చింది.

మర్నాడు బెర్నిస్ వచ్చి ఆమెను కావలించుకుంది. "ఎంత ప్రశాంతంగా పంపారమ్మా, అందరూ ఇలా చెయ్యలేరు." సెలీనా తలూపింది. ఆ చివరి మాట ఎవరితోనూ అనలేదు. ఎవరితో అంటుంది?

ఆదివారం పాతిపెట్టడం అయింది. మంచం తీసుకెళ్లే ఫెర్రీ మంగళవారం గాని రాదన్నారు. సోమవారం మధ్యాహ్నం డ్రూసిల్లాని కూడా పంపేసి, సెలీనా తలుపు వేసి, ఆ మంచం మీద పడుకుంది. బయట మళ్లీ మంచు పట్టింది. తను మాటిచ్చింది. తనే తన నోటితో అతన్ని ఎవరికో అప్పగించింది. ఆ పాపం ఆమెను కొరుక్కు తింటోంది.

కుడిచెయ్యి సందులోకి దింపింది.

"నేను పొమ్మన్నది పొరపాటు. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. ఆయన్ని ఇచ్చెయ్... వింటున్నావా?"

చాలాసేపు ఏమీ లేదు. తర్వాత... పచ్చిమట్టి వాసన.

చల్లటి వేళ్లు ఆమె వేళ్ల మధ్యకి వచ్చాయి.

"హెడ్లీ!" అంది. ఒళ్లంతా సంతోషమే.

పందొమ్మిదో ఏట చేపల వల చుట్టే మరలో పడి హెడ్లీ కుడి చూపుడువేలు సగానికి తెగిపోయింది. చెయ్యి పట్టుకున్నప్పుడల్లా ఆ మొండి ఆమె అరచేతికి తగిలేది. నలభై ఆరేళ్ల అలవాటు. దాని కోసం తడిమింది. ఒక్కో వేలూ... మెల్లగా...

అయిదూ నిండుగా ఉన్నాయి.

సెలీనా చెయ్యి లాక్కోలేదు.

"ఆయనెక్కడ?" అని అడిగింది.

ఆ వేళ్లు నెమ్మదిగా బిగుసుకున్నాయి.