చివరి ఇంటి బరువు

నూకరత్నం తన అత్తగారి నాటి పొత్రాన్ని రెండు చేతులా మోసుకొచ్చి, గుమ్మంలో ఉన్న తూకపలక మీద ధబ్బున దించింది. పలక అంచున ఆకుపచ్చ అంకెలు వెలిగాయి.

"దీనికెన్నొత్తాయక్కా?"

పేరిందేవి కళ్ళద్దాలు సవరించుకుని చూసింది. "సన్నవైతే ఇరవై దాకా వస్తాయి. లావువైతే పది."

"సన్నయే ఇవ్వు. అన్నీ డిటెక్టివులే. భక్తి పుస్తకాలు మాత్రం నాకంటగట్టకు."

"పొత్రం ఇచ్చేస్తే రేపు పచ్చడి దేంతో నూరతావే?"

"పక్కింటోళ్ళ రోట్లో నూరుకుంటాను. పుస్తకం పక్కింట్లో అడిగితే ఇత్తారేటి? ఇచ్చినా హంతకుడెవడో ముందే సెప్పేత్తారు, మీ ఆయన, మా బావగారిలాగ."

"ఆయన పోయి ఏడాదైంది. ఇంకా ఆడిపోసుకోవడమేనా?"

"పోయారని ఒగ్గేత్తానా? మూడు నవలలు పాడుసేశారు!"

పేరిందేవికి నవ్వు రాలేదు. నవ్వడానికి కావలసిన ఓపిక కూడా ఆమె దగ్గర మిగల్లేదు. నెల రోజులుగా ఇదే పని. పుస్తకం దించు, దులుపు, తూచు, ఇవ్వు. మధ్యలో మోకాళ్ళు పట్టుకుని కూర్చో, మళ్ళీ లే.

కొత్త ఉప్పాడలో ఏ వస్తువూ ఊరికే ఇల్లు మారదు. పాత తీరాన్ని సముద్రం మింగేశాక జనం తేలే వీధుల మీదికి వచ్చారు. ప్రతి ఇల్లూ ఒక తెప్ప. పక్కింటితో దాన్ని కలిపేది ఉక్కు లంకె. ప్రతి గది కిందా ఒక నీటితొట్టి. ఏ తొట్టిలో ఎంత నీరు ఉండాలో క్షణక్షణం నిర్ణయించే యంత్రం పేరు సమతూకి. వంటింట్లోంచి పిల్లవాడు వీధిలోకి పరుగెడితే, నేల కింద నీళ్ళు వెనక్కి పరుగెడతాయి. అలా పరుగెత్తాలంటే సమతూకికి ప్రతి బరువూ తెలియాలి. అందుకే ప్రతి ఇంటికీ ఒక బరువు వాటా. కొత్త వస్తువు లోపలికొస్తే దానికి సరిపడా పాతది బయటికి పోవాలి. దీన్ని బదులు తూకం అంటారు. పెళ్ళికి వెండిగిన్నె చదివించినవాళ్ళు, దాని బరువుకు సరిపడా పాత సామాను తామే మోసుకుపోవడం అక్కడి మర్యాద.

పేరిందేవి భర్త కోదండపాణి రేవులో ఓడలకు దారి చూపే పైలట్. ఒక పెద్ద తుఫానులో జనంతో నిండిన ఓడను క్షేమంగా రేవు చేర్చినందుకు, ఆయనకు జీవితకాలం చెల్లే ప్రత్యేక వాటా ఇచ్చారు. ఇంకొకరైతే ఆ వాటాతో ఇనప్పెట్టె కొనుక్కునేవారు. ఆయన పుస్తకాలు కొన్నాడు. హాలు నాలుగు గోడలూ నిండి, నడవడానికి సందు మాత్రం మిగిలింది. ఆయన పోయాడు. వాటా కూడా ఆయనతోనే పోయింది.

హాలు ఖాళీ చేస్తే గానీ పేరిందేవికి విడుదల ముద్ర పడదు. ముద్ర పడితే గానీ లాంచీ ఎక్కనివ్వరు. ఆమెకు కావలసింది ఒక్కటే. అడ్డతీగల కొండల్లో ఆమె చెల్లెలి ఇల్లుంది. దాని కింద రాయి, రాయి కింద కొండ. కదలని నేల మీద పడుకుని హాయిగా ఒక్క నిద్ర తీయాలి. సమతూకి ఎంత సర్దినా వీధి చివరి ఇల్లు చివరి ఇల్లే, అల ముందు తగిలేది దానికే. ముప్ఫై ఏళ్ళుగా ఆమె నిద్ర కళ్ళదాకా వచ్చి వెనక్కి పోతోంది.

నిజానికి మొదట ఆమె గుజ్జు పడవనే పిలిపించింది. పాత కాగితాన్ని ఉచితంగా పట్టుకుపోయి గుజ్జు చేస్తారు, ఒక్క పూటలో పని తెమిలిపోతుంది. వచ్చిన పనివాడు కింద పేర్చిన పుస్తకాల కట్ట మీద బూటుకాలు వేసి పైఅర అందుకున్నాడు. కాలు తీశాక కనీసం చేత్తో తాకి కళ్ళకద్దుకోలేదు. ఆ ఇంట్లో ఏనాడూ ఒక పుస్తకం తెరిచి ఎరగని పేరిందేవి, దుమ్ము దులపడం తప్ప వాటితో ఏ చుట్టరికమూ లేని పేరిందేవి, చేతిలో చీపురుతో అతని ముందు నిలబడింది.

"దిగు."

"అమ్మా, ఎలాగూ గుజ్జయ్యేవే కదా..."

"దిగు ముందు."

ఆ ఒక్క మాట ఖరీదు ఈ నెల రోజుల చాకిరీ. గడప గడపకూ తిరిగింది. ఎవరేం చదువుతారో అడిగింది, ఏం వదులుకుంటారో అడిగింది. ఎదురింటి తాతబ్బాయిగారు తన వ్యాయామం సంగడీలు తెచ్చి నిఘంటువు పట్టుకుపోయాడు. "ఈ వయసులో సంగడీలు ఎత్తితే నేను పోతానండి. నిఘంటువు ఎత్తితే చాలు, కసరత్తు అవుద్ది," అన్నాడాయన. ఇత్తడి గంగాళాలు వచ్చాయి, నవలలు వెళ్ళాయి. పాత లంగరొకటి వచ్చింది, పురాణాలన్నీ వెళ్ళాయి. బదులుగా వచ్చిన సామానంతా ఆ మధ్యాహ్నమే బల్లకట్టు మీద తీరానికి పోయింది.

ఇక హాల్లో మిగిలింది గోడల మీద అరల గుర్తులే.

మూడు దాటాక తూకం అధికారి పాపినాయుడు వచ్చాడు. కుర్రవాడు, మర్యాదస్తుడు. "ఒక్క పుస్తకం కూడా గుజ్జుకు పోలేదటండి? నేనెక్కడా చూడలేదండి ఇలాగ."

"ముద్ర వెయ్యి నాయనా. లాంచీ వచ్చేస్తుంది."

ఆమె మణికట్టుకున్న పట్టీ మీద ముద్ర పడింది. ఇక స్వేచ్ఛ. పేరిందేవి సంచీ భుజాన వేసుకుంది.

అప్పుడు గోడవార నుంచి ఒక పెన్సిలు ముక్క దొర్లింది. ఏ అర కింద ఎన్నేళ్ళుగా పడి ఉందో, కోదండపాణి పెన్సిలు. తాపీగా దొర్లుకుంటూ గది దాటి, తూర్పు గోడకు కొట్టుకుని ఆగింది. మళ్ళీ వెనక్కి రాలేదు.

పాపినాయుడు దాన్నే చూస్తున్నాడు. ఒక్కసారిగా మోకాళ్ళ మీద కూలబడి, నేలలోని మూత ఎత్తి, లోపలికి దీపం వేశాడు. లేచేసరికి అతని మొహం పాలిపోయింది.

"ఈ తొట్టిలో చుక్క నీరు లేదండి. కవాటం తుప్పుపట్టి బిగుసుకుపోయింది."

"ఎవరు మూశారు దాన్ని?"

"సమతూకే మూసేసిందండి, ఎప్పుడో. ఊళ్ళో ప్రతిదీ కదులుద్ది కదండీ. మనుషులు, పిల్లులు, గిన్నెలు. కదలని బరువంటే మీ పుస్తకాలొక్కటే. వాటిని నమ్ముకుని ఇక్కడ నీళ్ళు దండగనుకుంది. ఇప్పుడవి పోతుంటే తెరుచుకోమని కవాటానికి చెబుతానే ఉందండి. తెరుచుకుందనే అనుకుంటోంది."

"అయితే ఏమవుతుంది?"

అతను కిటికీలోంచి సముద్రంకేసి చూశాడు. ఆ రోజు అమావాస్య. పోటు అప్పటికే మొదలైంది. "ఈ మూల లేచిపోద్దండి. లంకె తెగుద్ది. ఆ తరవాత నూకరత్నంగారి ఇల్లు, దాని పక్కది..."

గుమ్మంలో నిలబడి అంతా విన్న నూకరత్నం లోపలికొచ్చింది. "డ్రమ్ముల్తో నీళ్ళెట్టండి బాబూ!"

"అలకి దొర్లి గోడలు పగలగొడతాయండి. పైగా డ్రమ్ములకి వాటా మంజూరవ్వాలి, తీరం నుంచి ఉత్తర్వు రావాలి."

"మరి మడుసులకో?"

"మనుషులకి వాటా ముందే ఉంది కదండీ," అని చిరాకుగా అనేసి, తను ఏమన్నాడో అప్పుడు అర్థమై నోరు తెరిచాడు.

నూకరత్నం అప్పటికే వీధిలో ఉంది. ఆమెది చేపలమ్మిన గొంతు. సైరన్ అక్కర్లేకపోయింది.

వీధి వీధంతా వచ్చింది. చంకలో బిడ్డలతో, చేతుల్లో పుస్తకాలతో వచ్చింది. పుస్తకం బరువూ కలిసొస్తుందని కొందరు, పోటు తీసేదాకా ఊరికే ఎలా కూర్చుంటామని కొందరు, పట్టుకెళ్ళిన పుస్తకాన్నే మళ్ళీ తెచ్చారు. అరలుండిన చోటల్లా మనుషులు వరసగా కూర్చున్నారు. తాతబ్బాయిగారు నిఘంటువు ఒళ్ళో పెట్టుకుని, "నా పొట్టకి ఇన్నాళ్ళకి సర్కారీ గుర్తింపొచ్చిందండోయ్!" అన్నాడు. భయం భయంగానే అందరూ నవ్వారు.

నేల ఒకవైపు కొద్దికొద్దిగా లేస్తూనే ఉంది. గోడ అవతల లంకె కిర్రుమంది.

పాపినాయుడు తొట్టి ఖాళీ అని సమతూకికి తెలిపి, గుమ్మంలోని పలక మీది అంకెలు చూశాడు. "ఇంకా యాభై కిలోలు తక్కువండి. ఎవరైనా ఉన్నారా?"

ఎవరూ లేరు. పక్క వీధివాళ్ళు ఈ పోటులో దాటి రాలేరు.

రేవులో లాంచీ కూత వేసింది.

పేరిందేవి గడప మీద ఉంది, ఒక కాలు లోపల, ఒక కాలు బయట. లాంచీ మళ్ళీ రావాలంటే పోట్లు తగ్గాలి. అప్పటిదాకా ఈ చివరి ఇల్లే, ఈ అలే, కళ్ళదాకా వచ్చి వెనక్కిపోయే ఆ నిద్రే. ముద్ర పడింది. వెళితే ఆపేవారు లేరు. ఆమె చూపు నూకరత్నం మీద పడింది. పచ్చడి నూరుకునే పొత్రం కూడా లేకుండా, ఒళ్ళో డిటెక్టివ్ నవలతో కూర్చుని ఉంది. ఈ గదిని ఖాళీ చేసింది ఎవరు?

నూకరత్నమే నోరు విప్పింది. "అక్కా, నువ్వు యాభై రెండు కదూ?"

"అది నిరుడు. ఇప్పుడు నలభై ఎనిమిది."

"సంచీతో సహా కూకో. సరిపోద్ది."

పేరిందేవి బయటి కాలు లోపలికి తీసుకుంది. మనుషుల కాళ్ళు దాటుకుంటూ వెళ్ళి, పెన్సిలు ముక్కను ఏరుకుని, లేస్తున్న వైపు గోడకు చేరగిలబడి, సంచీ ఒళ్ళో పెట్టుకుంది. పలక మీది అంకె ఎరుపు నుంచి పసుపుకు తిరిగింది. లాంచీ రెండో కూత వేసి, వెళ్ళిపోయింది.

పోటు వచ్చింది.

నేల మీద సమతూకి గీతలు వెలిగించింది. ఎడమ గీత వెలిగితే ఎడమకు ఒరగాలి, కుడి వెలిగితే కుడికి. మొదట్లో ఒకరి మీద ఒకరు పడ్డారు, పిల్లలు కేరింతలు కొట్టారు. కొన్ని అలలు దాటేసరికి లయ కుదిరింది. గీత వెలగకముందే అందరూ ఒక్క పడవలోని తెడ్లలా ఒరుగుతున్నారు. తలలు పుస్తకాల్లోనే ఉన్నాయి, ఒళ్ళు అలకు బదులు చెబుతోంది. పుస్తకాలు ఏళ్ళ తరబడి చేయలేని పని అది. వాటి బరువు ఊరికే పడి ఉండేది. ఈ బరువు ఎదురు వెళుతోంది.

పేరిందేవి పక్కన ఎవరో పెట్టిన గ్లాసులో నీళ్ళున్నాయి. ఆమె వాటిని చాలాసేపు చూసింది. నీళ్ళు కదలడం లేదు. బయట సముద్రం గోడను గుద్దుతోంది. లోపల నేల కొండలా ఉంది. ముప్ఫై ఏళ్ళుగా తనకు తెలియకుండానే బిగబట్టుకుని ఉన్న పిక్కలు మెల్లగా వదులయ్యాయి. తరవాత నడుము, తరవాత మెడ. పెన్సిలు ముక్క ఆమె గుప్పిట్లోంచి జారి, పడినచోటే ఉండిపోయింది.

చాలాసేపటికి పలక మీద ఆకుపచ్చ అక్షరాలు వెలిగాయి. పోటు తీసింది. వెళ్ళవచ్చు.

పాపినాయుడు హమ్మయ్యనుకుని లేవబోయాడు. ఇంకెవరూ లేవడం లేదు. తాతబ్బాయిగారు పేజీ తిప్పాడు. చంటిపిల్లల తల్లులు కదలలేదు. గది అంతా ఎడమకు ఒరిగింది, కుడికి ఒరిగింది. గోడకు తల ఆన్చి, నోరు కాస్త తెరుచుకుని, పేరిందేవి గుర్రుపెడుతోంది.

"పోటు తీసిందండి," అన్నాడు పాపినాయుడు, వాళ్ళకు కనబడలేదేమోనని.

నూకరత్నం పుస్తకంలోంచి తల ఎత్తకుండానే అతని చొక్కా పట్టుకుని కిందికి లాగింది.

"కూకోండి బాబూ," అంది గుసగుసగా. "మీ బరువూ లెక్కలో ఉంది."