రాగి బిళ్ల, నీలం దారం

"మిరపకాయల బస్తాలో ఫిల్మ్ ఉంది. మన తీరంలోని రాడార్ల మ్యాపు. నాలుగింటి గూడ్సులో మద్రాసు రేవుకు, అక్కణ్ణుంచి విదేశానికి," అన్నాడు చీఫ్.

"పన్నెండొందల బస్తాలు సార్!" అన్నాడు ఏజెంట్ ప్రేమదాసు.

"ఆ బస్తా మూతి దగ్గర గూఢచారి ముఠావాళ్లు ఒక రాగి బిళ్ల దాచారు. అందులో బ్యాటరీ లేదు. ఈ పెట్టె రేడియో తరంగం పంపితే, ఆ శక్తితోనే బిళ్ల జవాబిస్తుంది. అప్పుడు పెట్టె మూడు కూతలు కూస్తుంది. మద్రాసులో వాళ్ల మనిషి అలాగే ఏరుకుంటాడు. నువ్వు ముందే ఏరు."

"పిలిస్తే పలుకుతుందన్నమాట."

"ముందు ముందు వర్తకులు కూడా ఇలాగే, మూట విప్పకుండానే సరుకు ఇదేనని తెలుసుకుంటారట. వెళ్లు."

నల్లపాడు గోడౌన్‌లో ప్రేమదాసు గుమాస్తా వేషం వేశాడు. పెట్టె టిఫిన్ క్యారియర్‌లో ఉంది. ఘాటుకు తుమ్ముతూ వరసలన్నీ తిరిగాడు. మూడు కూతలు వినిపించింది బస్తా దగ్గర కాదు, బస్తాలు కుట్టే అమీర్‌బీ దగ్గర. ఆమె కొంగుముడిలో రాగి బిళ్ల!

"అయ్యా, అది..."

"నోర్ముయ్!" చెయ్యి పట్టి గుంజాడు. గాజులు పగిలాయి. అందరూ చూస్తుండగా దొంగ అంటూ పోలీసులకు అప్పగించాడు.

మూడున్నరకు బస్తాలన్నీ వ్యాగన్లెక్కాయి. బిళ్ల దొరికింది, ఎంత వెతికినా బస్తా దొరకలేదు. ప్రేమదాసు పోలీస్ స్టేషన్‌కు పరిగెత్తాడు.

"ఏ బస్తాలో పెట్టారు?"

"నాకేం తెలుసయ్యా? కుట్టబోతుంటే కాయల్లో చేతికి తగిలింది. ఎవరి పసిబిడ్డ తాయెత్తో జారిపడిందనుకున్నా. తల్లి వెతుక్కుంటా వస్తే ఇద్దామని కొంగున ముడేశా."

"మరి బస్తా?"

"ఏ రైతు సరుకో తెలియాలిగా? దాని మూతికి నీలం దారం కట్టా. పొద్దున చెప్పబోతే నోర్ముయ్యమన్నావుగా!"

ఆమె మణికట్టు మీద రక్తం ఎండి ఉంది. అటు చూడలేకపోయాడు.

అతను గూడ్సు దగ్గరికి చేరేసరికి గార్డు పచ్చజెండా ఎత్తాడు. ఏడో వ్యాగన్‌లో, పై వరసలో నీలం దారం. ప్రేమదాసు కత్తి దింపాడు. కాయల మధ్య నుంచి ఫిల్మ్ డబ్బా జారింది. బండి కదిలింది.

మర్నాడు, పోలీసులు వదిలేశాక ఇల్లు చేరిన అమీర్‌బీ గుమ్మం ముందు కొత్త గాజులతో నిలబడ్డాడు. ఆమె పుచ్చుకోలేదు.

"గాజులదేముంది బాబూ. నేను దొంగని కాదని గోడౌన్‌లో నలుగురి ముందూ ఒక్క మాట చెప్పు, చాలు."

చెబితే తానెవరో చెప్పాలి. ప్రేమదాసు తల దించుకుని వెనుదిరిగాడు. రిపోర్టులో ఆమె పేరు రాస్తే ఆ అరెస్టూ రాయాలి. రెండూ రాయలేదు.

చీఫ్ నుంచి టెలిగ్రాం వచ్చింది: "పెట్టె పనితనం అద్భుతం. మరో పది పంపుతున్నాం."