టైలరమ్మ తిరుగు టికెట్టు

ఓడ మీద అది ఆఖరి రోజు. పొద్దున్న ఏడున్నరకే గుండీ ఆరో అంతస్తు మెట్ల మీద ఫోను పైకెత్తి పట్టుకుని నిలబడింది. అంత పెద్ద ఓడలోనూ వైఫై సరిగ్గా అందే చోటు అదొక్కటేనని మూడో రోజు కనిపెట్టింది. కొనుక్కున్న ఇంటర్నెట్టు ఇంకా ఇరవై నిమిషాలే ఉంది. రేపు ఉదయం ఓడ రేవు చేరుతుంది, మధ్యాహ్నం రెండింటికి విమానాలు. చెక్ ఇన్ చేసుకోమని తెల్లవారగానే కబురొచ్చింది.

గుండీకి అసలు పేరు వేరే ఉంది. ఏడాదిన్నర పిల్లగా తల్లి కుట్టుమిషను కింద పాకుతూ చొక్కా గుండీ ఒకటి మింగేసింది. అది బయటికొచ్చేదాకా ఇంటిల్లిపాదీ పడ్డ అవస్థ ఎవరూ మరిచిపోలేదు, పిల్ల పేరు మాత్రం అందరూ మరిచిపోయారు. ఇప్పుడామెకు ముప్పై ఆరేళ్ళు, మందుల షాపులో ఉద్యోగం, ఇద్దరు పిల్లలు. అయినా తల్లికి గుండీయే.

ఆ తల్లిని ఊళ్ళో అందరూ టైలరమ్మ అంటారు. ముప్పై నాలుగేళ్ళుగా అదే షాపు, అదే మిషను. ఈ మధ్య రెండుసార్లు ఇస్త్రీపెట్టె ఆపకుండా ఇంటికెళ్ళిపోయింది. రెండోసారి బల్ల కాలి, పొగ వీధిలోకొచ్చింది. పక్క షాపతను తలుపు పగలగొట్టి ఆర్పాడు కాబట్టి సరిపోయింది. ఆ రోజే గుండీ, ఆమె అన్న పెద్దోడు ఫోన్లో మాట్లాడుకుని ఒక నిర్ణయానికొచ్చారు. అమ్మను పెద్దోడు తన ఊరికి తీసుకెళ్ళిపోవాలి. గుండీ ఉండేది అమ్మ ఊళ్ళోనే గానీ, షిఫ్టు డ్యూటీలతో, రెండు గదుల అద్దె ఇంట్లో ఆమె చేయగలిగిందేముంది? మరి అమ్మకు ఎవరు చెప్పాలి? నువ్వు చెప్పంటే నువ్వు చెప్పు అనుకున్నారు. చివరికి పెద్దోడు ఈ ఓడ ప్రయాణం తలపెట్టాడు. వారం రోజులు సరదాగా తిప్పి, సమయం చూసి మెల్లగా చెబుదామన్నాడు. ఆరు రోజులు గడిచిపోయాయి, ఆ సమయం మాత్రం రాలేదు.

అందుకే ఫోన్లో టికెట్లు రెండు ముక్కలుగా ఉన్నాయి. గుండీది సొంతూరికి. అమ్మది పెద్దోడితో కలిపి, పెద్దోడి ఊరికి. చెక్ ఇన్ పూర్తయిందని తెర మీద పచ్చరంగులో రాగానే గుండీ ఫోను బోర్లించి పట్టుకుంది.

"అయిందా?"

వెనక్కి తిరిగితే అమ్మ. చేతిలో టీ కప్పు, మెడలో కళ్ళజోడు.

"అయిందమ్మా. అందరికీ చేసేశాను."

"మరి కాగితమేదీ?"

"ఫోన్లో ఉంటే చాలమ్మా. ఇప్పుడెవరూ కాగితాలు అడగరు."

"నీకు చాలు. నాకు చీటీ కావాలి. చీటీ లేకుండా ఎప్పుడైనా ఒక్క గుడ్డ పుచ్చుకున్నానా, ఒక్క గుడ్డ ఇచ్చానా?"

ఆ మాట నిజమే. ఎవరేం తెచ్చిచ్చినా పేరు, కొలత, ఇవ్వాల్సిన రోజు చిన్న కాగితం మీద రాసి, గుండుసూదితో ఆ గుడ్డకే గుచ్చేది. అమ్మ పట్టుబట్టిందంటే వదలదు. గుండీ విసుక్కుని, విమానమెక్కే పాసులు రిసెప్షనుకు పంపి అచ్చు వేయించమంది. టిఫిను తిన్నాక తనే వెళ్ళి తెచ్చుకుని, సంచిలో అడుగున పడేస్తే సరి అనుకుంది. పంపడంలో తనది ఒక్కటే పంపాలన్న ఆలోచన ఆ కంగారులో తట్టలేదు. తనదీ అమ్మదీ రెండూ పంపేసింది.

భోజనాల హాల్లో ఆమ్లెట్ల వరసలో నిలబడి, రెండు ప్లేట్లతో తిరిగొచ్చేసరికి అమ్మ కుర్చీ ఖాళీగా ఉంది. ప్లేట్లు అక్కడే పెట్టేసి రిసెప్షనుకు పరిగెత్తింది. "కళ్ళజోడు పెట్టుకున్న పెద్దావిడ ఇప్పుడే తీసుకెళ్ళారండీ," అంది అక్కడి అమ్మాయి నవ్వుతూ.

గుండీ తమ గదికి పరిగెత్తింది. కిటికీ లేని గది. అమ్మ మంచం మీద కూర్చుని, కాగితాలు రెండూ కాలరు ముక్కలు జత చూసుకున్నట్టు పక్కపక్కన పరిచి చూస్తోంది. పెద్దోడు గోడకానుకుని నిలబడ్డాడు. అప్పటికే అమ్మ అడగవలసింది అడిగేసినట్టుంది, వాడి మొహం పాలిపోయి ఉంది.

"రావే గుండీ. నీ చీటీ మీద మన ఊరు. నా చీటీ మీద వీడి ఊరు. అచ్చు మిషను వాడు తప్పు కొట్టాడా?"

గుండీ తలుపు దగ్గరగా వేసింది.

"రేపు విమానం దగ్గర చెబుదామనుకున్నాం అమ్మా," అన్నాడు పెద్దోడు.

"విమానం దగ్గరా? ఎక్కాక చెబితే ఇంకా బాగుండేది కదరా. దిగి పారిపోయే పనుండదు."

"నీ మంచికే కదమ్మా. ఇస్త్రీపెట్టె సంగతి నువ్వే ఆలోచించు. ఏమన్నా అయ్యుంటే?"

"అది సరే. షాపు మాటేమిటి? తాళం నా దగ్గరే ఉంది."

పెద్దోడు చెల్లెలి వైపు చూశాడు. చెల్లెలు నేల వైపు చూసింది.

"మారుతాళంతో తీయించి, షాపు మొన్న ఖాళీ చేయించామమ్మా," అన్నాడు చివరికి. "మిషను నా దగ్గరికి లారీలో వస్తోంది. నీకు గదిలో పెట్టిస్తాను. నీ వస్తువు ఒక్కటీ పోదు."

టైలరమ్మ కాగితాలు మంచం మీదే వదిలేసింది. లేచి తలుపు దాకా వెళ్ళింది. గడియ మీద చెయ్యి వేసి ఆగిపోయింది. బయటికెళ్ళి ఏం చేస్తుంది? నాలుగువైపులా నీళ్ళు. మొన్నటి రోజున తను డెక్కు మీద ఐస్‌క్రీము తింటూ ఫొటోకు నవ్వుతున్న వేళ, అక్కడ ఎవరో తన షాపు మోసుకుపోయారు. తిరిగొచ్చి మళ్ళీ మంచం మీదే కూర్చుంది.

"కుట్టినవి పదకొండు ఉన్నాయి. ఎవరూ ఇంకా తీసుకెళ్ళలేదు. వాటినేం చేశారు?"

"అవి భద్రంగా ఉన్నాయమ్మా," అన్నాడు పెద్దోడు, ఒక్క మంచిమాటైనా దొరికిందన్న సంబరంతో. "పక్క షాపతనికి అప్పజెప్పాం. నీ పేరుకు మాట రాకూడదని అన్నీ ఉతికించి, ఇస్త్రీ చేయించి, కవర్లలో పెట్టించాను. కొత్తవాటిలా ఉన్నాయట."

"ఉతికించావా? మరి చీటీలు?"

"గుండుసూదులా? చీటీలతో సహా అవన్నీ తీసి పారేయించాను. ఎవరికైనా గుచ్చుకుంటాయని."

టైలరమ్మ కొడుకు మొహంలోకి చాలాసేపు చూసింది. తిడుతుందనుకున్నాడు. తిట్టినా బాగుండేది. ఆవిడ కళ్ళజోడు తీసి మడిచింది.

"అవి ఎవరివో నాకు తెలియదురా."

"ఎందుకు తెలియదమ్మా? నువ్వేగా కుట్టావు. చూస్తే గుర్తొస్తుంది."

"రాదు. అదివరకు గుడ్డ చూస్తే మనిషి కనిపించేవాడు. ఇప్పుడు చీటీ చూస్తేనే మనిషి. అది లేకపోతే నాకవి ఉత్త గుడ్డలు."

గుండీ వచ్చి తల్లి కాళ్ళ దగ్గర కూర్చుంది.

"ఇస్త్రీపెట్టె ఒక్కటే కాదే," అంది టైలరమ్మ, కూతురి తల మీద చెయ్యి వేసి. "పోయిన నెల షాపు కట్టేసి ఇంటికి బయల్దేరాను. సందు మొగలో నిలబడిపోయాను. ఎటు తిరగాలో తెలియలేదు. రోజూ నడిచే దారే. ఎవరినైనా అడుగుదామంటే సిగ్గు. టైలరమ్మకు ఇల్లు తెలియడం లేదంటే ఊరంతా ఏమనుకుంటుంది? ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టు అక్కడే నిలబడ్డాను. పాలబ్బాయి తల్లి వచ్చి పలకరించి, మాటల్లో పడి నడిపించుకెళ్ళింది. తనకూ తెలియదు నన్ను ఇంటికి చేర్చిందని."

"నాతో ఎందుకు చెప్పలేదమ్మా? నాలుగు వీధుల అవతలేగా ఉన్నాను," అంది గుండీ.

"చెబుదామనే ఈ ఓడెక్కాను. ఇక ఒక్కదాన్నే ఉండలేను, భయంగా ఉంది, మీలో ఎవరో ఒకరు నన్ను తీసుకెళ్ళండి అని అడుగుదామనుకున్నాను. రోజూ అనుకోవడం, మీరేమో నవ్వుతూ కబుర్లు చెబుతుంటే ఇవాళొద్దులే అనుకోవడం. ఆరు రోజులూ ఇదే పని."

పెద్దోడు నేల మీద కూలబడ్డాడు. నలభై ఏళ్ళ మనిషి, వందమంది పనివాళ్ళ మీద కేకలేసే రోడ్ల ఇంజనీరు, తల్లి ఒళ్ళో మొహం పెట్టుకుని ఏడ్చాడు. "నువ్వు ఒప్పుకోవనుకున్నానమ్మా. పోట్లాడతావనుకున్నాను."

"పోట్లాడేదాన్నేమో. పోట్లాడి, ఏడ్చి, నా షాపుకు నేనే తాళం వేసి, నా గుడ్డలు నా చేత్తో అందరికీ ఇచ్చి వచ్చేదాన్ని. నా సంగతి నన్ను తేల్చుకోనివ్వలేదు మీరు."

గుండీ కళ్ళు తుడుచుకుని ఆరో అంతస్తుకు పరిగెత్తింది. అమ్మ టికెట్టు సొంతూరికి మార్చాలని చూసింది. ఆ విమానం నిండిపోయింది. తన సీటు అమ్మకిస్తానంటే ఒకరి టికెట్టు మీద ఇంకొకరు ఎక్కడానికి లేదని వచ్చింది. మళ్ళీ ప్రయత్నించబోతే ఇంటర్నెట్టు అయిపోయింది. మెట్ల మీదే కూర్చుని కాసేపు వెక్కి వెక్కి ఏడ్చి, కిందికి దిగింది.

"దొరకలేదా?" అంది టైలరమ్మ. "పోనీలే. వీడితోనే వెళ్తాను. మీ ఇద్దరూ సెలవు పెట్టి నన్నొకసారి తీసుకెళ్ళండి. పక్క షాపులో కుర్చీ వేసుకుని కూర్చుంటాను. ఎవరిది వాళ్ళే వచ్చి ఏరుకుంటారు. నాకు వాళ్ళు గుర్తులేకపోయినా వాళ్ళకు నేను గుర్తుంటానుగా."

"వచ్చే వారమే వెళ్దామమ్మా," అన్నాడు పెద్దోడు.

"ఇంకో మాట. ఇకమీదట నా సంగతి ఏదనుకున్నా ముందు నాకు చెప్పండి. నేను మరిచిపోతే మళ్ళీ చెప్పండి. ఎన్నిసార్లు మరిచిపోతే అన్నిసార్లు చెప్పండి. ఎలాగూ మరిచిపోతుందిగదా అని మానేయకండి."

ఇద్దరూ తలలూపారు.

మధ్యాహ్నం ముగ్గురూ డెక్కు మీద కూర్చున్నారు. ఎండ నీళ్ళ మీద పడి కళ్ళు మిరుమిట్లు గొలుపుతోంది. టైలరమ్మ చాలాసేపు సముద్రాన్నే చూసి, ఉన్నట్టుండి కొడుకు వైపు తిరిగింది.

"అవునూ, రేపు ఓడ దిగాక మనం ఎక్కడికెళ్తున్నాం?"

పెద్దోడు ఒక్క క్షణం కళ్ళు మూసుకుని తెరిచాడు. ఆరు రోజులు నోట రాని మాట అది. తల్లి చెయ్యి తన చేతిలోకి తీసుకుని, "మా ఇంటికమ్మా. ఎందుకో చెబుతాను విను," అని మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టాడు.