మైలుతుత్తం మూట

"ఏందండీ, చేపలను బతికుండంగనే ఊరగాయ పెడుతుండ్రా?"

కిరాయి గది చూడటానికి వచ్చిన భాగ్యశ్రీ నోట వచ్చిన మొదటి మాట అది. ఇంటివాళ్ల అబ్బాయి గోపీచంద్ చేతిలో ఉప్పు ప్యాకెట్, ముందు బకెట్ నిండా నీళ్లు. వెనక నాలుగడుగుల గాజుతొట్టిలో కమలాపండు రంగు చేపలు రెండు తిరుగుతున్నాయి.

"ఇవి సముద్రపు చేపలండీ. ఉప్పు లేకపోతే బతకవు," అన్నాడతను పౌరుషంగా.

"బాన్సువాడల సముద్రమా! మా నిజాంసాగర్ నీళ్లు సరిపోలేదా మీకు?"

అతనికి ఒళ్లు మండింది. అయినా గది ఆమెకే ఇచ్చారు. నస్రుల్లాబాద్ రైతు బిడ్డ, మండలాఫీసులో కంప్యూటర్ ఆపరేటర్, ఇంతకన్నా ఎవరొస్తారని గోపీచంద్ తండ్రి రత్తయ్య తేల్చేశాడు.

అది 2003. రత్తయ్య చిన్నప్పుడే వాళ్లవాళ్లు కోస్తా నుంచి వచ్చి కాలువ కింద పొలం కొన్నారు. గోపీచంద్ ఇక్కడే పుట్టాడు, బజార్లో ఫోటో స్టూడియో పెట్టాడు. పదేళ్ల వయసులో మొదటిసారి సముద్రం చూసి, "ఇంత పెద్దదాన్ని వదిలేసి ఎలా వచ్చారు నాన్నా?" అని అడిగితే, "ఆ నీళ్లతో వరి పండదురా," అన్నాడట రత్తయ్య. కొడుక్కి ఆ జవాబు ఇప్పటికీ సరిపోలేదు. అందుకే ఈ తొట్టి, అందులో చేపలు, రెండు ఎర్ర రొయ్యలు, చెన్నై నుంచి తెప్పించిన సముద్రపు మొక్కలు.

వానపడి కరెంటు పోతే నీళ్లలోకి గాలి కొట్టే పంపు ఆగిపోయేది. అప్పుడు చేపలకు ఊపిరాడాలంటే చెంబుతో నీళ్లు తీసి పైనుంచి మళ్లీ తొట్టిలోకే పోస్తూ ఉండాలి. మొదటిరోజు భాగ్యశ్రీ మెట్లమీద నిలబడి నవ్వింది. రెండోసారి రెండో చెంబు అందుకుంది. ఆ తర్వాత కరెంటు వచ్చాక కూడా ఇద్దరూ పోస్తూనే ఉండేవారు. మాటల్లో పడితే పంపు మోత వినిపించదు కదా!

దసరా ముందు గోపీచంద్ తల్లి శాంతకుమారి అతన్ని రేపల్లె తీసుకెళ్లింది. అక్కడ ఆమె అన్నయ్య సంబంధం చూశాడు. తల్లికి కాదనలేక బయల్దేరినవాడు, "నాలుగు రోజుల్లో వస్తా, చేపలు జాగ్రత్త," అని భాగ్యశ్రీకి చెప్పాడు. ఆమె తలూపింది.

పెళ్లిచూపులకు పోయినవాడి చేపలకు చాకిరీ ఏమిటని తనను తానే తిట్టుకుంది. కానీ మూడోరోజుకి గాజు మీద పాచి పట్టింది. పొలంలో నాచు పడితే వాళ్ల నాన్న పోచన్న మైలుతుత్తం నీలి పలుకులు గుడ్డలో మూటగట్టి, నీళ్లొచ్చే మడవ దగ్గర వేలాడదీసేవాడు. నాచు పోయేది, వరికేమీ అయ్యేది కాదు. భాగ్యశ్రీ ఎరువుల దుకాణంలో కొంచెం కొని, జేబురుమాలులో కట్టి, తొట్టిలో వేలాడదీసి ఆఫీసుకు వెళ్లింది.

సాయంత్రం వచ్చేసరికి రొయ్యలు వెల్లకిలా పడి ఉన్నాయి. మొక్కలు తెల్లబారాయి. చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి. ఆమె మూట లాగేసి ఏడుస్తూ కూర్చుంది.

పొలం నుంచి వచ్చిన రత్తయ్య సంగతంతా విన్నాడు.

"నాకు అప్పగించినా నేనూ అదే వేసేవాణ్నమ్మా. వాడొస్తే నేనే వేశానంటా, నువ్వు నోరెత్తకు. నన్నయితే రెండ్రోజులు తిట్టి, తర్వాత అన్నానికి పిలుస్తాడు. నిన్ను..."

ఆయన అక్కడే ఆపేశాడు. పెద్దాయనకు అంతా తెలుసునని ఆమెకు అప్పుడర్థమైంది.

మర్నాడు పొద్దున తల్లితో తిరిగొచ్చిన గోపీచంద్ బ్యాగు దించకుండానే తొట్టి చూశాడు.

"నేనేరా," అన్నాడు రత్తయ్య. "నాచు పోద్దని మైలుతుత్తం కట్టా."

"నీకు వరి తప్ప ఇంకేదీ ప్రాణం కాదా నాన్నా? ఈ ఇంట్లో నాదంటూ ఒక్కటుంటే, దాన్నీ చంపేశావు!"

రత్తయ్య తల దించుకున్నాడు. భాగ్యశ్రీ మెట్లమీద ఉంది. నోరు మూసుకుంటే గోపీచంద్ ఎప్పటిలాగే తనతో నవ్వుతూ మాట్లాడతాడు. చెబితే ఇంకెప్పుడూ మాట్లాడడేమో. కానీ ఆ దించిన తలను చూసి ఊరుకోవడం ఆమె వల్ల కాలేదు.

"అంకుల్ కాదు. నేనే ఏసిన."

"మీరా? ఎందుకు?"

"మీరొచ్చేసరికి అద్దం మంచిగ మెరవాలని. రేపల్లెల పిల్లను చూసొచ్చినా, ఈడికొచ్చినంక నన్ను ఒక్కసారి మెచ్చుకుంటరని." ఆమె మెట్లు దిగి వచ్చింది. "నాకు మీరంటే పాణం. గందుకే చేసిన. ఇగ తిట్టేదుంటే నన్ను తిట్టుర్రి, ఆయన్నెందుకు?"

గోపీచంద్ నేరుగా వెళ్లి తండ్రి పక్కన కూర్చున్నాడు.

"తప్పయింది నాన్నా."

"సరేలే. ముందు చేపల సంగతి చూడు."

మధ్యాహ్నం దాకా నీళ్లు తోడారు. ఆమె బకెట్లలో ఉప్పు కలిపింది, అతను ఫిల్టర్‌లో విషం పీల్చే కొత్త బొగ్గు వేశాడు. పొద్దువాలే వేళకు చేపలు అడుక్కి దిగి తిరగసాగాయి.

"ఆ విషం రాళ్లకు పట్టేస్తుంది. మళ్లీ రొయ్యలు బతకాలంటే ఏడాది పట్టొచ్చు," అన్నాడతను.

"గప్పటిదాంక నేనుంటనో లేదో. మీకు పెండ్లయితే గది గావాలె గదా."

"ఆ సంబంధం వద్దని అక్కడే చెప్పేశా. దారంతా అమ్మ నాతో మాట్లాడలేదు."

"ఎందుకొద్దన్నరు?"

"మీరుండగా ఇంకొకరిని ఎలా చూడను? నేను ఇష్టమైతే ఇక్కడే ఉండిపోండి భాగ్యశ్రీ. కిరాయికి కాదు."

ఆమె తడిచేతులు చున్నీకి తుడుచుకుంది. "నాకిష్టమే. మా నాయినను అడగాలె. మీరు వేరే, మేం వేరే అంటడేమో."

"అననీ. రేపు నేనెళ్లి అడుగుతా," అన్నాడు వరండాలోంచి రత్తయ్య.

పొద్దుటి నుంచి నోరు విప్పని శాంతకుమారి వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. అందరూ ఆమెకేసే చూశారు.

"ఈయనొక్కడూ వెళ్తే పొలం కబుర్లు చెప్పుకుని వచ్చేస్తాడు. నేనూ వస్తా."