మిల్లు ఆవిరిలో ఉడికిన విషం

భద్రాచలం కరకట్ట మీద, పట్టపగలు, ఆదినారాయణ మెడలో కత్తి దిగింది. హర్షిత జీపులోంచి దూకి పరుగెత్తేసరికే చంపినవాడు బైకెక్కేశాడు. ఆమె పేల్చిన బుల్లెట్ వాడి వీపులో దిగి, వాడి శవాన్ని బైకుతో సహా గట్టు కింద పడేసింది. ఆదినారాయణ నెత్తురు మింగుతూ రెండే మాటలన్నాడు: "అశ్వారావుపేట... పామాయిల్ మిల్లు."

అంతే, పోయాడు. విదేశీ ముఠాకు విషం తయారుచేసి, ఆ తర్వాత మనసు మారి హర్షిత పనిచేసే గూఢచారి సంస్థ వైపు వచ్చిన బయోకెమిస్ట్ ఆయన.

ఇయర్‌పీస్‌లో చీఫ్ వెంకటేశ్వరరావు గొంతు. "కొవ్వును అరిగించే ఎంజైమ్ ఒకటుంటది హర్షితా. పాంక్రియాస్‌ల పుడతది, పేగుల్ల పనిచేస్తది. రక్తంల ఉండేది చిటికెడే. వీళ్ళు దాన్ని మస్తుగ పెంచి సూదిల ఎక్కిస్తున్నరు."

"ఎక్కితే?"

"కొలెస్ట్రాల్‌ను మోసే కణాలు పెద్దగుంటయి. ఇది వాటిని కొరికి చిన్నగ, గట్టిగ చేస్తది. ఆ చిన్నయి రక్తనాళాల గోడల్ల దూరి పేరుకుంటయి. గుండె ఆగుతది. హార్ట్ అటాక్ అని రాసేస్తరు. హత్య అనేటోడే ఉండడు."

"పాల్వంచ మెడికల్ క్యాంపుల బలం సూదులని వేసినయి అవేనా సార్?"

"అవ్. జనం మీద పరీక్ష చేసి చూసిండ్రు. మీ అన్నకు పడ్డది గూడ అదే."

అన్న కుమారస్వామి, థర్మల్ స్టేషన్‌లో షిఫ్టు పనివాడు. పొద్దున్నే ఛాతీ పట్టుకుని దవాఖానాలో పడ్డాడు.

"ఆదినారాయణ చేసిన విరుగుడు ఒక్క సీసానే ఉంది. ఎంజైమ్ సీసాలున్న ఐస్ పెట్టెలనే ఉంది. ఇయ్యాల బార్డర్ దాటుతది. ఎంజైమ్‌కు వేడి తగిలితే ఖతం. విరుగుడు ఉత్త కెమికల్, దానికేం కాదు. మిల్లుల మన మనిషి నిన్ను కలుస్తది."

రెండు గంటల్లో హర్షిత నారింజ జాకెట్, హెల్మెట్‌తో మిల్లు గేటు దాటింది. పామాయిల్ గెలల నాణ్యత చూసే గ్రేడర్ వేషం.

నల్ల కళ్ళద్దాలు, పట్టుచీర, ఫారిన్ సెంటు. ఎదురొచ్చిన మనిషి నెమ్మదిగా అడిగింది: "పండు రాలిందా?"

"రంగు తిరిగింది," అని కోడ్ పూర్తిచేసి హర్షిత ఊపిరి పీల్చుకుంది. వనజ. ట్రైనింగ్‌లో తనకు తుపాకీ పట్టడం నేర్పిన సీనియర్ ఏజెంట్. "పెట్టె ఏడుందక్కా?"

"రా, చూపిస్త."

స్టెరిలైజర్ దగ్గరికి తీసుకెళ్ళింది. గెలలను ఆవిరిలో ఉడికించే ఇనుప గొట్టం అది, గదంత పెద్దది. తలుపు తెరిచే ఉంది. ముందు కిషన్‌లాల్ అనే గూండా, ఒక చేతిలో ఐస్ పెట్టె, ఇంకో చేతిలో పిస్టల్.

"ఏమనుకోకు చెల్లె. వాళ్ళు డాలర్లిస్తరు, మనోళ్ళు మెడల్స్ ఇస్తరు," అంటూ వనజ లిప్‌స్టిక్ తిప్పింది. అది తుపాకీలా పేలింది. హర్షిత ఎడమ భుజం చీలింది.

పడుతూనే గోడకు ఆనించిన గెలలు కోసే పొడుగు కొడవలి లాక్కుంది. ఒక్క గుంజుకు కిషన్‌లాల్ మోకాలి వెనక నరం తెగింది. వాడు కూలుతూ కాల్చిన గుండు పైకప్పు రేకుల్లోకి పోయింది. రెండో గుంజు గొంతుకు తగిలింది. నెత్తురు ఎర్రగెలల మీద చిమ్మి వాటిలో కలిసిపోయింది.

వాడి చేతిలోంచి జారిన పెట్టెను వనజ పైకెత్తింది. "కదిలితే నేలకేసి కొడత. నీ అన్న మందు గూడ దీంట్లనే ఉంది."

హర్షిత కదిలింది. తలతో ఆమె పొట్టలో గుద్దింది. పెట్టె ఎగిరి స్టెరిలైజర్ లోపల గెలల మధ్య పడింది. వనజ దాని వెంట దూకింది.

హర్షిత తలుపు మూసి చక్రం తిప్పింది.

లోపల్నుంచి ఇనుము మీద పిడికిళ్ళు. "తలుపు తియ్యే. మందు ఉడికితే నీ అన్న సస్తడు."

"ఎంజైమ్ సస్తదక్కా. మందు బతుకుతది."

"మరి నేను?"

హర్షిత రెండు చేతులతో ఆవిరి వాల్వ్ తెరిచింది.

సాయంత్రం దవాఖానాలో డాక్టర్, ఉడికిన పెట్టెలోంచి తీసిన ఆ సీసా మందు కుమారస్వామి నరంలోకి ఎక్కించాడు. మానిటర్ మీద గీత కుదురుకునేదాకా హర్షిత రెప్ప వేయలేదు. చివరికి అన్న కళ్ళు తెరిచి, చెల్లెలి కట్టునూ చొక్కా మీద నెత్తుటినీ చూశాడు.

"ఏందే గట్లయినవ్?"

"ఆఫీసు పని అన్నా."

అతను సెలైన్ వైపు అనుమానంగా చూశాడు. "ఆ క్యాంపోళ్ళు సూదితోని ఉడకబెట్టిన గుడ్డు గూడ ఇచ్చిండ్రు. మీ సర్కారోళ్ళు ఏమిస్తరు?"

ఒక్కరోజులో ముగ్గురిని చంపిన ఏజెంట్ లేచి, గుడ్డు కొనడానికి రోడ్డు మీదికి వెళ్ళింది.