ఎవరి ఆవులు

గొరాటా పొయ్యి దగ్గర కూర్చుని జొన్న అంబలి కలుపుతోంది. ఈ ప్రాంతంలో జనం ఒకరికొకరు చేసుకునే సాయం ఎంత ఉందో అంచనా కట్టి, దాన్ని బలపరిచే దారి చెప్పమని రాజధాని గాబొరోన్‌లోని ఆఫీసు ఆమెను సొంత ఊరికే పంపింది. నిన్న ఊరి సభలో ఆ అంచనా చదివింది. జనం చప్పట్లు కొట్టారు.

"ఉండ కట్టకుండా కలపవే. సభలో మాట్లాడినంత తేలిక కాదిది," అంది తల్లి.

బయట గంటలు వినిపించాయి. తండ్రి కెబొనాంగ్ స్నేహితుడు సెలెలో నాలుగు ఆవులను తోలుకొచ్చి, వాళ్ళ దొడ్డిలోకి పంపి, అడ్డకర్ర వేస్తున్నాడు.

"ఏంటోయ్, పొద్దున్నే తాగొచ్చావా? నీ దొడ్డి దారి మర్చిపోయావా?" అన్నాడు కెబొనాంగ్.

"నీవి నీకు అప్పజెబుతున్నా."

"నీవీ నావీ ఏంటి మన మధ్య?"

"నిన్నటిదాకా లేవు. నిన్న సభలో నీ కూతురు నన్ను లేచి నిలబడమంది. 'మా నాన్న ఆవులతో నిలబడ్డ కుటుంబం ఇదే' అని అందరికీ చూపించింది. ఇంటికెళ్ళేటప్పుడు మనవరాలు అడిగింది, 'తాతా, మన ఆవులు మనవి కావా' అని."

గొరాటా గరిటెతోనే బయటికొచ్చింది. "పెదనాన్నా, గొప్పగా చెబుదామనే..."

"గొప్పగానే చెప్పావమ్మా. చప్పట్లు నేనూ విన్నాను."

సెలెలో టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మఫీసా అక్కడి పాత పద్ధతి. ఉన్నవాడి ఆవు లేనివాడి దొడ్డిలో ఉంటుంది. దాని పాలూ దుక్కీ ఆ లేనివాడికే. ఎవరి ఆవని ఎవరూ అడగరు. గొరాటా అడిగింది, రాసుకుంది, పేర్లతో చదివింది.

"బయటివాళ్ళు మనకు దానం చెయ్యడం చేతకాదంటారు నాన్నా. మన దగ్గర ఇంత ఉందని చూపించకపోతే ఎలా బలపడుతుంది?"

"వేరు గట్టిగా ఉందో లేదో చూద్దామని మొక్క పీకావే," అంది తల్లి.

"నేనేం అబద్ధం చెప్పానమ్మా?"

కెబొనాంగ్ దొడ్డి గుంజకు ఆనుకుని నిలబడ్డాడు.

"నేను గనుల నుంచి దగ్గుతో తిరిగొచ్చిన ఏడు మన పొలం దున్నింది ఎవరనుకున్నావు? వాడి ఎద్దులు. గింజలు కూడా వాడివే. ఆ జొన్నలు తినే నువ్వు పెరిగావు. తర్వాత కరువులో వాడి మంద చచ్చిపోయింది, నేను నాలుగు ఆవుల్ని వాడి దొడ్డికి తోలాను. ముందు మనల్ని ఆదుకుంది తనేనని వాడు ఒక్కడికైనా చెప్పాడా?"

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే వాడి ముందు తల దించుకుని తిరిగేదానివి. పిల్లవి, ఎందుకని ఊరుకున్నాం."

గొరాటా సెలెలో ఇంటికి వెళ్ళింది. ఆయన స్టూలు వేసి కూర్చోమన్నాడు. కోడలు టీ తెచ్చింది. అందులో పాలు లేవు. మనవరాలి గ్లాసులోనూ లేవు.

"పెదనాన్నా, సభలో మళ్ళీ లేచి, నేను తప్పు చెప్పానంటాను. ఆవుల్ని తోలుకొచ్చుకోండి."

"నువ్వు తప్పు చెప్పలేదుగా. వెనక్కి తోలడానికి మాట ఆవు కాదమ్మా. ఇంకవి నా దొడ్డిలో ఉంటే, ఊరు చూసేది ఆవుల్ని కాదు, నన్ను."

"పిల్లకు పాలు?"

"కొంటాం."

గొరాటా స్టూలు దిగి ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. ఆయన ఆమె తల మీద చెయ్యి వేశాడు.

"లే. నువ్వూ నా బిడ్డవే. మీ నాన్నని సాయంత్రం రమ్మను. మాట్లాడుకుంటాం."

"తప్పకుండా వస్తాడు పెదనాన్నా."

"ఉత్త చేతులతో రమ్మను," అన్నాడు సెలెలో. "ఏమీ తేవద్దని చెప్పు."

గొరాటా తలూపింది. గ్లాసు ఎత్తి, ఏడుస్తూనే ఆ టీ చివరిదాకా తాగింది.